జీడి మచ్చ

"స్కేలు పక్కన పెట్టి ఒక్క ఫొటో తియ్యడానికి మూడు రోజులా వదినా?" అంది మహిమ వీడియో కాల్లో.

"మీ అమ్మ కాలు ఇస్తే కదా!" అన్నాను.

"ఇవ్వను," అంది అత్తయ్య, రెండు పాదాలూ చీర కిందికి లాక్కుని. "కన్నకూతురి మొహానికి అరికాలు ఎత్తి చూపించమంటావా కుమారీ? బళ్ళో పిల్లలకు నువ్వు నేర్పేది ఇదేనా?"

"నా మొహానికి కాదమ్మా, ఫోన్‌కి."

"ఆ ఫోన్లో ఉంది నీ మొహమేగా."

వసారాలో చర్చి గంటకు కొత్త తాడు పేనుకుంటున్న మావయ్య నవ్వు ఆపుకోలేక దగ్గారు. "చూపిస్తే ఏమయిద్దే పున్నమ్మా? పాస్టరుగారికి చూపించమన్నారా ఏంటి?"

"నువ్వు మాటాడమాకయ్యా. తాడు తెగుద్ది, చూసుకో."

ఈ గొడవకు మూలం నేనే. మూడు రోజుల కిందట మహిమతో ఏదో మాట్లాడుతూ, అత్తయ్య కొంచెం కుంటుతోంది, మడమ మీద జీడి మచ్చ ఇంకా వదల్లేదు అన్నాను. అంతే. అప్పటినుంచి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోన్. ఫొటో పంపు, స్కేలు పెట్టి పంపు, వెలుతురులో పంపు.

చివరికి నేనే చాప మీద కూర్చుని, నా అరికాలు ఎత్తి ఫోన్ ముందు పెట్టాను. "ఇదిగో మహిమా, ముందు నాది చూడు. ఇంటి కోడలి మర్యాద పోయింది, ఇక అత్తగారిది మిగల్చడం ఎందుకు?"

అత్తయ్య నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వులోనే కాలు చాపింది. నా సంచిలోంచి పిల్లలు మర్చిపోయిన నీలం ప్లాస్టిక్ స్కేలు తీసి మడమ పక్కన పెట్టాను. రూపాయి బిళ్ళ కంటే పెద్దది. ఒక పక్క నల్లగా, ఒక పక్క కాస్త నీలంగా, అంచులు చెదిరిపోయి ఉంది. మధ్యలో చిన్న పుండు. తీసి పంపాను.

మహిమ ఫొటో పెద్దది చేసుకుని చూసింది.

"జీడి ఎప్పుడు పెట్టావు వదినా?"

"మార్చిలో ఒకసారి. తగ్గలేదని ఏప్రిల్లో మళ్ళీ."

"ఇప్పుడు ఆగస్టు."

"అవును."

"అరికాలి చర్మమైనా సరే, నెలా నెలన్నరకల్లా పైది రాలిపోయి కొత్తది వచ్చేస్తుంది. జీడి మచ్చయితే దాంతోపాటే పోవాలి కదా వదినా."

చర్మం పాఠం ఐదో తరగతికి ఏటా చెబుతాను. నల్లబల్ల మీద బొమ్మ గీసి మరీ చెబుతాను. ఆ మాట నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు.

*

మా వైపు ముల్లు గుచ్చుకుని విరిగినా, ఆనెకాయ లేచినా నల్లజీడి గింజ సూదికి గుచ్చి, దీపం మీద వేడి చేసి, ఊరిన నూనె చుక్కను ఆ చోట అద్దుతారు. మా అమ్మ చేసేది, అత్తయ్యా చేసేది. మిరప కల్లంలో పనిచేసే ఆడవాళ్ళ పాదాల మీద ఆ నల్ల గుర్తులు లేనివాళ్ళు తక్కువ. కల్లంలో చెప్పులు వేసుకోరు. కాయ చితికితే రంగు పోయి ధర తగ్గుతుందని, ఒట్టి పాదాలతోనే కాయల్ని వరసలు వరసలుగా తిరగేసుకుంటూ నడుస్తారు. ఆ మంటకు అలవాటుపడ్డ పాదాలకు వేరే నొప్పి ఏం తెలుస్తుంది? నలభై ఏళ్ళు అలా నడిచింది అత్తయ్య. మార్చిలో మడమ మీద నల్ల చుక్క కనిపిస్తే ముల్లు మొన అనుకుంది. "కాస్త జీడి పెట్టమ్మాయ్, నాకు వంగితే నడుం పట్టేస్తంది," అంది. నేను పెట్టాను. ఆ నల్ల చుక్కను నా చేత్తోనే ఇంకో నలుపుతో కప్పాను.

ఫొటో పంపిన మర్నాడే మహిమ రైలు దిగింది. నల్లపాడు స్టేషన్ నుంచి ఆటోలో వచ్చి, సంచి కింద పెట్టకముందే తల్లి కాలు ఒళ్ళో పెట్టుకుంది. అత్తయ్య వద్దని గుంజుకోబోయింది. మహిమ వదల్లేదు.

ఆ పిల్ల చేసే పనేంటో మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. హైదరాబాదులో పెద్ద పరిశోధనశాల, ఆరేళ్ళుగా డాక్టరేటు, కాన్సర్ మీద. అంతవరకు ఊళ్ళో చెప్పుకోవడానికి బాగుండేది. తీరా ఒకసారి అత్తయ్యనూ మావయ్యనూ తీసుకెళ్ళి చూపిస్తే, గదినిండా గాజుతొట్లు, తొట్టినిండా వేలెడంత చారల చేపలు. తిరిగొచ్చాక మావయ్య ఎవరడిగినా "మా అమ్మాయి చేపల డాక్టరు" అనేవారు. కల్లంలో అత్తయ్య జోడీ షాజాదీ అయితే నిష్టూరంగానే అడిగింది. "ఇంత చదివి చేపలకు కాన్సర్ తగిలిస్తదంట గదా నీ కూతురు? అవేం పాపం చేశాయే?"

"తగిలించి, ఎట్లా పెరుగుద్దో చూస్తారంట," అంది అత్తయ్య. అర్థమై కాదు, కూతురి మాట కాబట్టి.

గుంటూరులో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పెద్ద డాక్టరు కాలు చూసి, జీడి ఎవరు పెట్టారని అడిగారు. నేనే అన్నాను. ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నారంతే. తిట్టి ఉంటే బాగుండేది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. వారానికి పేరు తెలిసింది, మెలనోమా. చర్మంలో వచ్చే కాన్సర్.

"పేరు బాగానే ఉంది," అంది అత్తయ్య. "మనవరాలు పుడితే పెట్టుకోవచ్చు."

ఎవరం నవ్వలేదు. తనే మా మొహాలు చూసి తల దించుకుంది.

సెప్టెంబర్లో మడమ మీది చర్మాన్ని లోతుగా, చుట్టూ వెడల్పుగా తీసేసి, తొడ మీది చర్మం తెచ్చి అతికారు. ఆపరేషన్ గది బయట మావయ్యకు వచ్చిన మొదటి సందేహం వేరు. తీసినదాన్ని మనకెప్పుడిస్తారు?

ఇది మా ఇంటి ఆచారం. మావయ్య వాళ్ళ నాన్నగారి కాలు బండి చక్రం కింద నలిగి తీసేస్తే, దాన్ని తెల్లగుడ్డలో చుట్టి చర్చి సమాధుల తోటలో పాతిపెట్టారు, ప్రార్థన చేసి. పదకొండేళ్ళ తరవాత ఆయన్నీ అక్కడే, కాలు కలిసేట్టు చూసి పెట్టారు. పత్తి జిన్నింగు మిల్లులో మావయ్య చెల్లెలికి పోయిన రెండు వేళ్ళూ అక్కడే ఉన్నాయి. ఆ దినాన దేవుడు లేపినప్పుడు మనిషి సగం సగంగా లేవకూడదని మావయ్య పట్టుదల.

"అది పరీక్షకు పోయింది పెద్దాయనా. పల్చటి ముక్కలు కోసి, మిగతాది మైనం దిమ్మలో పెడతారు," అంది కౌంటరులో అమ్మాయి.

"మైనంలోనా? ఎన్నాళ్ళు ఉంచుతారమ్మా?"

"ఏళ్ళు ఉంటుంది."

"అయితే చెడిపోదు. మళ్ళీ వచ్చినప్పుడు అడుగుతాలే."

ప్రతిసారీ అడిగారు. కట్టు మార్చేటప్పుడు అడిగారు, కుట్లు విప్పేటప్పుడు అడిగారు. ఆ అమ్మాయి దూరం నుంచి ఆయన తెల్లపంచె చూడగానే తల అడ్డంగా ఊపేది.

*

మహిమ సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. ఆదివారం చర్చిలో పాస్టరుగారు ప్రార్థనలో, "మా సహోదరి మహిమ కనిపెట్టబోయే ఔషధం ద్వారా ఆమె తల్లిని స్వస్థపరచు ప్రభువా," అన్నారు. అందరూ ఆమేన్ అన్నారు. పక్కనే కూర్చున్న మహిమ నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

ఇంట్లోనూ అదే మాట. బంధువులు ఎవరొచ్చినా, "మీకేం భయం, పిల్ల అక్కడే పనిచేస్తుంటే!" అనేవాళ్ళు. కోల్డ్ స్టోరేజీలో మిరప బస్తాల లెక్క చూసే మా ఆయన ఫిలిప్ అయితే చెల్లెల్ని ఎదురుగానే అడిగేవాడు. "ఏమే, మీ దగ్గర ఏదో ఒకటి ఉండే ఉంటది కదా? బయటికి రాకముందే మనవాళ్ళకి ఇవ్వరా?"

"మా దగ్గర చేపలున్నాయి అన్నయ్యా."

"వెటకారం వద్దు."

"వెటకారం కాదన్నయ్యా. నిజంగా ఉన్నది అదే."

ఒకరోజు మధ్యాహ్నం అత్తయ్య కాలు స్టూలు మీద పెట్టుకుని, షాజాదీ తెచ్చిచ్చిన నిరుటి కాయలకు తొడిమలు తీస్తోంది. నేను బడినుంచి వచ్చేసరికి మహిమ పక్కన కూర్చుని తనూ తీస్తూ చెబుతోంది.

"మన ఒంటికి రంగునిచ్చే కణాలు చర్మంలో పుట్టవమ్మా. నేను నీ కడుపులో ఉన్నప్పుడు, నా వెన్నుపూస వచ్చే చోట పుట్టాయి. అక్కడినుంచి నడుచుకుంటూ చర్మంలోకి వచ్చాయి. చేపలోనూ అంతే. చేపపిల్ల గాజులాగా ఉంటది కాబట్టి, అవి నడవడం కంటితో చూడొచ్చు."

"ఎవరు పంపిస్తారు వాటిని?"

"అది తెలుసుకోవడానికే చాలామంది జీవితాలు పెట్టారు. కొంతవరకు తెలిసింది. వచ్చి కుదురుకున్నాక ఇంక నడవవు. కానీ వాటిలో ఎక్కడో ఒక తప్పు జరిగితే, పాత నడక గుర్తొచ్చినట్టు మళ్ళీ బయల్దేరతాయి."

అత్తయ్య తొడిమ తుంచి కాయను చేటలో వేసింది. "అయితే అవీ మన ముఠా లాంటివే. పనెక్కడుంటే అక్కడికి మూట కట్టుకుని పోవడం. మరి దిగినచోట తినడానికి ఉంటదా?"

"వాటికి అదే కావాలి. ఎక్కడ తిండి దొరికితే అక్కడ దిగుతాయి."

"నా కాల్లోవి బయల్దేరాయా?"

మహిమ తొడిమలు తీయడం ఆపలేదు. "ఇంకా తెలీదు," అంది. దాని చేతులు ఆగకుండా కదులుతున్నాయి గానీ, కాయను పారేసి తొడిమను చేటలో వేస్తోంది. అత్తయ్య చూసింది. ఆ కాయలన్నీ ఏరి మళ్ళీ చేటలో వేసుకుంది.

*

అక్టోబరు చివర్లో ఇంకో రిపోర్టు వచ్చింది. అది ఫోన్లో చూసుకుని మహిమ పెరట్లోకి వెళ్ళిపోయింది. నేను బట్టలు ఉతుకుతున్నాను. వచ్చి బండ మీద కూర్చుంది, తడిసిపోతున్నా చూసుకోకుండా.

"లేదు వదినా."

"జబ్బు లేదా?" నా గొంతులో ఆశ నాకే సిగ్గుగా అనిపించింది.

"తప్పు లేదు. మా చేపల్లో ఉన్న తప్పు అమ్మలో లేదు."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. ఇరవై ఏళ్ళ కిందట కొంతమంది శాస్త్రవేత్తలు వందల కాన్సర్ కణాలు వెతికి, ఇలాంటి నల్లమచ్చల్లో సగానికి పైగా వాటిలో ఒక జన్యువులో ఒకే అక్షరం తప్పుగా ఉందని కనిపెట్టారట. పదేళ్ళు తిరక్కుండా దానికి సరిగ్గా సరిపోయే మందు వచ్చింది. లేవలేనివాళ్ళు లేచి నడిచారు. తను పనిచేసే చేపలకు పెట్టిందీ ఆ తప్పే. కానీ అది ఎండకు కమిలే తెల్ల చర్మాల్లో వచ్చే రకంలో ఎక్కువ. అరికాలిలో, అరచేతిలో, గోటికింద వచ్చేది వేరే రకం. తెల్లవాళ్ళ దేశాల్లో అది చాలా తక్కువ కాబట్టి దాని మీద పనీ తక్కువ.

"మనవాళ్ళకి వచ్చేదాంట్లో ఎక్కువ భాగం ఈ అరికాలిదే వదినా. పెట్టి చూడటానికి కణాలు కూడా సరిగ్గా లేవు. నేను ఆరేళ్ళు కష్టపడి చదివింది వేరేవాళ్ళ అమ్మల జబ్బు."

కుళాయి నీళ్ళు బకెట్ నిండి పొర్లుతున్నాయి. కట్టేశాను. ఎన్నాళ్ళనుంచో గొంతులో ఉన్నది అప్పుడు అడిగేశాను. "నేను జీడి పెట్టడం వల్లనా మహిమా?"

"కాదు. జీడి వల్ల రాదు వదినా. అది అప్పటికే ఉంది. కానీ..."

ఆగిపోయింది. మిగతాది నాకు తెలుసు. మార్చి నుంచి ఆగస్టు దాకా అయిదు నెలలు. నా మొహం చూసి, "అయిదు నెలల ముందు వచ్చినా ఏమయ్యేదో నేను చెప్పలేను. నిజంగా చెప్పలేను," అంది. ఓదార్చడానికి అబద్ధం ఆడటం ఆ పిల్లకు రాదు. తడి చీరను ఇద్దరం చెరో పక్క పట్టుకుని పిండాం. నీళ్ళన్నీ పోయినా ఇంకా మెలిపెడుతూనే ఉన్నాం.

*

డిసెంబరులో, ఇంటి ముందు నక్షత్రం కట్టిన వారానికి, అత్తయ్య స్నానం చేస్తూ గజ్జల్లో బిళ్ళ తగిలిందంది. నిమ్మకాయంత. స్కాన్ తీశారు. ఊపిరితిత్తుల్లో చుక్కలు. పెద్ద డాక్టరు మహిమకు వేరుగా చెప్పబోతే, అత్తయ్య కుర్చీలోంచి లేవలేదు. "నాకూ చెప్పండి బాబూ, నా ఒంట్లోదేగా," అంది. ఆయన కాస్త చెప్పారు. గజ్జల్లోది తీస్తే నడక తేలికవుతుంది. ఒంట్లోని రక్షణ శక్తిని లేపే కొత్త మందు ఒకటి ఉంది, రెండు మూడు వారాలకోసారి ఎక్కించాలి, ఏడాదో రెండేళ్ళో. పనిచేస్తుందా అని ఫిలిప్ అడిగాడు. ఈ రకంలో కొద్దిమందికి పనిచేస్తుందన్నారు. ఆ కొద్దిమందిలో అమ్మ ఉంటుందా అని అడిగాడు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఇంటికొచ్చాక రోజూ అదే గొడవ. ఫిలిప్ ఎక్కించాల్సిందేనంటాడు, ఇల్లు పోయినా సరే అంటాడు. మావయ్య ఉపవాసం ఉంటానంటారు. ఇద్దరూ కలిసి మహిమ మీద పడతారు. నువ్వు చెప్పవే, చదివినదానివి. మహిమ నోరు విప్పితే, ఇంతమందిలో ఇంతమందికి అని లెక్క వస్తుంది. ఫిలిప్‌కు ఆ లెక్క అక్కర్లేదు. "మనిషి సంగతి అడుగుతుంటే బడిలెక్కలు చెబుతావేంటే!" అని లేచిపోతాడు. అత్తయ్య ముందు మాత్రం అందరిదీ ఒకటే పాట. తగ్గిపోద్ది, ఏం కాదు.

జనవరిలో మహిమ బట్టలు ఉతుకుదామని దాని సంచి దులిపితే, మడతపెట్టిన కాగితాలు పడ్డాయి. పైన తెలుగులోనే ఉంది, పరిశోధన కోసం కణజాలం ఇచ్చేవారి అంగీకార పత్రం. ఆసుపత్రిలో అడిగి తీసుకుందట. గజ్జల్లో గడ్డ తీసినప్పుడు అందులో ఒక ముక్క పంపిస్తే, మహిమ పనిచేసేచోటే ఇంకో బృందం అరికాలి రకం కణాల్ని బతికించి పెంచాలని చూస్తోంది. తేదీ చూస్తే మూడు వారాల కిందటిది.

"అత్తయ్యను అడగలేదా?"

"అడగను," అంది మహిమ, కాగితాలు లాక్కుని. "నేను అడిగితే అమ్మ కాదనదు. అలాంటప్పుడు అది అడగడమే కాదు వదినా."

"మరి తెచ్చుకోవడం ఎందుకు?"

"పారెయ్యలేక."

"దాంతో అత్తయ్యకు ఏమైనా..."

"ఏమీ ఒరగదు. పదిమందివి తీసుకుంటే ఒకరివి పెరిగితే గొప్ప. పెరిగినా అందులోంచి ఏమైనా తెలిసేసరికి ఎన్నేళ్ళో. నాన్న మైనంలో ఉన్న మడమ కోసమే ఆరుసార్లు తిరిగారు. ఇది కూడా ఇవ్వమని ఏ నోటితో అడగను?"

ఆ మాటలు అత్తయ్య విన్నదో, మా మొహాలు చూసి పట్టేసిందో. మర్నాడు మహిమ చర్చికి పాటల సాధనకు వెళ్ళగానే నన్ను పిలిచింది. "ఆ సంచిలో కాగితం తెచ్చి చదువు కుమారీ. బళ్ళో చదివినట్టు చదువు, మింగకుండా."

నేను పక్కన కూర్చుని వరసగా చదివాను. మీ పేరు ఎక్కడా రాయరు, ఒక నంబరు మాత్రమే ఇస్తారు.

"మీ ఆయన బస్తాలకు వేస్తాడే, అట్లాగా?"

"అట్లాగే."

మీ కణాలు పెరిగితే వాటిని చాలా ఏళ్ళు పరిశోధనలో వాడవచ్చు.

"నేను పోయాక కూడానా?"

ఆ మాట మా ఇంట్లో అంతవరకు ఎవరూ అనలేదు. "అవునత్తయ్యా."

"మరి వాటిని ఎవరు మేపుతారు?"

"మహిమలాంటి పిల్లలు."

"ఊఁ. చదువు."

"ఈ పరిశోధన వల్ల మీకు వ్యక్తిగతంగా ఎలాంటి ప్రయోజనమూ కలగదు."

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను.

అత్తయ్య చర్మం అతికిన తన మడమ వంక చూసుకుంది. "ఆగస్టు నుంచి అందరూ తగ్గిపోద్ది, తగ్గిపోద్ది అన్నారు. నువ్వూ అన్నావు. తగ్గదని తెలిసీ, మీరు బాధపడతారని ఊఁ కొడతా వచ్చా. ఈ కాగితం ఒక్కటే ఉన్నది ఉన్నట్టు చెప్పింది," అంది.

"అత్తయ్యా, ఆ జీడి..."

"ఊరుకో. పెట్టమని అడిగింది నేను." చెయ్యి చాపి నా మోకాలి మీద వేసింది. బరువైన చెయ్యి, మిరప ఘాటు ఇంకా వదలని చెయ్యి. "కాగితం ఉన్నచోటే పెట్టు. పిల్లకు చెప్పమాకు."

*

మంగళవారం ఆపరేషన్ అనగా ఆదివారం, ఆరాధన అయ్యాక అందరం భోజనాలకు కూర్చున్నాం. కోడికూర, రసం. కల్లాలు మొదలయ్యాయి. ఊరి బయట ఎర్రగా పరిచి ఉన్నాయి, ఆ ఘాటుకు వడ్డిస్తుంటే నాకు తుమ్ములు ఆగలేదు. ఫిలిప్ అన్నం కలుపుతూ, కొత్త మందు సంగతి ఎవరితోనో మాట్లాడానన్నాడు. మావయ్య తలూపి, "మంగళవారం ఎట్లాగూ పోతున్నాంగా. ఈసారి ఆ మడమా, ఈ గడ్డా రెండూ కలిపి అడుగుతా. పాస్టరుగారితో చెప్పి ఉంచా, చోటు శుభ్రం చేయించమని," అన్నారు.

మహిమ కంచం వైపే చూస్తోంది.

అత్తయ్య గ్లాసు కింద పెట్టింది. గొంతు పెంచలేదు. కల్లంలో ముప్ఫై మందిని కేకేసే గొంతు అది. ఇప్పుడు పక్కన కూర్చున్నవాళ్ళకు మాత్రమే వినిపించేట్టు మాట్లాడింది.

"అడగొద్దయ్యా. మడమ అక్కడే ఉండనీ. గజ్జల్లో గడ్డ పిల్ల వాళ్ళకు ఇస్తున్నా. కాగితం కుమారి చదివి చెప్పింది, నాకు అర్థమైంది. సంతకం నేనే పెడతా, వేలిముద్ర కాదు."

"అమ్మా, నేను అడగలేదు..." అంది మహిమ.

"అడగలేదనే ఇస్తున్నా."

మావయ్య చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "మరి ఆ దినాన..."

"ఆయన వెతుక్కుంటాడులే. పొన్నూరు నుంచి దాచేపల్లి దాకా మట్టిలో ఉన్నోళ్ళందర్నీ ఏరుకునే ఆయనకు, హైదరాబాదులో ఒక గాజుసీసా దొరకదా?" అని కొడుకు వైపు తిరిగింది. "ఒరేయ్ ఫిలిప్, ఆ గడ్డ తీయించుకునేది నడవడానికి. ఆ తరవాత ఇంక ఏమీ కోయించను. ఆ మందూ ఎక్కించుకోను. ఎవరితోనూ మాటాడమాక. పిల్ల బుధవారం రైలెక్కి పోద్ది, దాని పని దానికుంది. నేను షాజాదీ పక్కన కూర్చుని తొడిమలు తీసుకుంటా, కూర్చోగలిగినన్నాళ్ళు."

అత్తయ్య నా వైపు చూసి, మావయ్య కంచం చూపించింది.

"ఆయనకు ఇంకాస్త రసం పొయ్యి కుమారీ. ముద్ద ఆరిపోయింది."